ఎకరంపావు పైకప్పు, ఆరు నెలల నీళ్లు

నాకు ముక్కు మీదే కోపం. ఈ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. ముఖ్యంగా ఎవరైనా టీ గ్లాసు చేత్తో పట్టుకుని, కాలు మీద కాలేసుకుని, "మన సీమలో వాన యాడుండాది మేడం, పట్టి పెట్టేదానికి?" అన్నారంటే ఊరుకోలేను. ఇరవై ఏళ్లుగా వింటున్న మాట ఇది. కర్నూలులో బట్టల షాపుల వాళ్లు అన్నారు, కడపలో ఆస్పత్రులు కట్టేవాళ్లు అన్నారు, ఫంక్షన్ హాళ్ల వాళ్లయితే నవ్వుతూ అన్నారు. అన్నవాళ్లలో చాలామంది ఇప్పుడు నేను కట్టించిన తొట్టి నీళ్లే వాడుకుంటున్నారు.

పెద్ద పెద్ద కట్టడాల మీద పడే వానను పట్టి నిలవ చేసుకోవడానికి కొలతలు కట్టి ఇవ్వడం నా పని. పైకప్పు ఎంత ఉంది, దాని అంచున నీళ్లు పారే గట్టరు ఎంత వెడల్పు ఉండాలి, పైపులు ఎన్ని దించాలి, తొట్టి ఎంత లోతు తవ్వాలి, ఇవన్నీ తేల్చి చెప్తాను. నా ఉద్యోగం అదే, వ్యాపారం అదే, చాదస్తమూ అదే. నా వెనక నన్ను 'తొట్ల మేడం' అంటారని తెలుసు. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు ఎవరైనా నా ముందే అన్నా బాగానే ఉంటుంది.

మాది ఆలూరు దగ్గర ఒక పల్లె. మా నాన్న ఊరి చర్చి చూసుకునేవాడు. గంట కొట్టడం, ఊడ్చి చాపలు పరచడం ఆయన పనే. అన్నిటికన్నా పెద్ద పని చర్చి తొట్టి. పాతకాలపు చర్చి అది, పొడవాటి పెంకుల కప్పు. దాని మీద పడిన వాన రేకు దోనెలోంచి పక్కనే బండలతో కట్టిన తొట్టిలోకి వచ్చేది. ఊళ్లో బావినీళ్లు ఉప్పన, తాగడానికి తొట్టినీళ్లే దిక్కు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక నాన్న జానకొక ముడి వేసిన తాడు తొట్టిలోకి దించి, తడిసిన ముడులు లెక్కపెట్టి, మెట్ల మీద నిలబడి చెప్పేవాడు. "తొమ్మిది జానలుండాది. ఇంటికి మూడు బిందెలు." కొన్ని వారాలకు "ఏడు జానలు. ఇంటికి రెండే." ఎవరూ ఎదురు చెప్పేవాళ్లు కాదు. చర్చికి రానివాళ్లు కూడా ఆ మాట కోసం ప్రహరీ అవతల నిలబడేవాళ్లు. వాళ్లకూ అదే లెక్క.

తొలివానను మాత్రం నాన్న తొట్టిలోకి రానిచ్చేవాడు కాదు. నిచ్చెనెక్కి దోనెను పక్కకు తిప్పి, తడుస్తూ నిలబడి, దోసిట్లో పట్టి రుచి చూసి, మట్టి వాసన పోయిందని నమ్మకం కుదిరాకే మళ్లీ తొట్టి వైపు తిప్పేవాడు. నీళ్లకు మొహం వాచిన ఊళ్లో కళ్లెదురుగా నీళ్లు నేలపాలవుతుంటే నాకు ఏడుపొచ్చేది. "ఊరికే పారబోస్తాండావు గదా నాయనా" అంటే, "ఇవి కప్పు కడుక్కునే నీల్లమ్మా, మనవి గావు" అనేవాడు.

తర్వాత కర్నూలులో ఇంజనీరింగు చదివినప్పుడు ఇవే సంగతులు సూత్రాలుగా కనిపించాయి. కూడికలూ గుణకారాలూ కాలేజీలో నేర్చుకున్నాను కానీ, అసలు ప్రశ్న నాన్న దగ్గర నేర్చుకున్నదే. ఎంత వాన పడుతుందన్నది సగం ప్రశ్న. పడ్డ వాన ఎన్నాళ్లు రావాలన్నది మిగతా సగం. మా క్లాసులో ఈ రెండో సగం అడిగింది నేనొక్కదాన్నే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం ఏమీ లేదు.

అంత తెలిసినదాన్ని, నా మొదటి పెద్ద పనిలోనే బొక్కబోర్లా పడ్డాను. కర్నూలులో మూడంతస్తుల బట్టల షాపు. తొట్టి లెక్క చక్కగా వేశాను. పైకప్పు నుంచి దిగే పైపులు మాత్రం నాలుగు చాలన్నాను, అవీ నాలుగంగుళాలవి. మనది కరువు నేల, ఇక్కడ ఎంత వాన పడుతుందిలే అనుకున్నాను. ఏ మాట ఎవరన్నా అంటే ఒంటికాలి మీద లేస్తానో, సరిగ్గా ఆ మాటే నాకు తెలియకుండా నా తలలోనే కూర్చుని ఉంది. కోస్తాలో పుట్టినవాడైతే ఈ తప్పు చేసి ఉండడు. వాళ్లు వానకు భయపడుతూ పెరిగినవాళ్లు. మేం వాన కావాలని మోకాళ్ల మీద ప్రార్థన చేస్తూ పెరిగాం. అది ఎక్కువ కూడా కావచ్చునని మా ఊహకే రాదు.

మా వాన ఏడాది పొడుగునా సర్దుకుని పడే రకం కాదు. నెలల తరబడి మొహం చాటేసి, ఒక మధ్యాహ్నం వచ్చి గుమ్మరించి పోతుంది. ఆ ఏడు సెప్టెంబరులో అలాగే వచ్చింది. ముప్పావు గంటలో షాపు పైకప్పు నిండిపోయింది. నాలుగు పైపులూ మింగలేకపోయాయి. నీళ్లు మెట్ల గదిలోకి పొర్లి, మూడో అంతస్తులో పట్టుచీరల అరలు తడుపుకుంటూ కిందికి దిగాయి. నేను పరుగెత్తుకుని వెళ్లేసరికి షాపులో అమ్మాయిలు చీరల మడతలు విప్పి బల్లల మీద ఆరేస్తున్నారు. యజమాని నన్ను కిందికి తీసుకెళ్లి తొట్టి మూత తీసి చూపించాడు. మోకాలి లోతు కూడా లేదు.

"పైన చెరువు, కింద మోకాల్లోతు. ఇదేం లెక్క మేడం?" అన్నాడు.

తల కొట్టేసినట్టయింది. తప్పు నాదేనని ఒప్పుకున్నాను. రెండు రోజులు అక్కడే ఉండి ఆ అమ్మాయిలతో పాటు చీరలు మడతపెట్టాను, తర్వాత దగ్గరుండి పైపులు మార్పించాను. ఆ తర్వాత రెండేళ్లు, గట్టి వాన వచ్చిన ప్రతిసారీ నిటారు అంచుల స్టీలు డబ్బా వాకిట్లో పెట్టి, గడియారం చూసుకుంటూ తడిశాను. మా ఆయన వసారాలో నిలబడి "ముదిరింది" అనేవాడు. అననీ. మా దగ్గర వాన గట్టిగా అందుకుందంటే నిమిషానికి మిల్లీమీటరు పడుతుందని ఆ డబ్బా వల్లే తెలిసింది.

ఎర్రగుంట్ల గోదాము పని వచ్చేనాటికి నాకు కర్నూలు, కడపల్లో మంచి పేరే ఉంది. ఆ యజమాని అరవై దాటిన మనిషి. సేద్యం గిట్టక ఒక లారీ కొని, ఆ లారీ మీద ఇంకో లారీ కొని పైకొచ్చినవాడు. ఊరి బయట పెద్ద గోదాము కట్టిస్తున్నాడు. సిమెంటు బస్తాలు దించుకునే చోటు, పక్కన ఆఫీసు, లారీ డ్రైవర్లు స్నానం చేసి నడుం వాల్చడానికి గదులు, ఒక క్యాంటీను. రేకుల కప్పే ఎకరంపావు ఉంటుంది. మూడు బోర్లు వేయించాడు. మూడూ బండలోకి దిగి దుమ్ము కక్కాయి. అప్పటిదాకా వాడుతున్న పాత గోదాములో ట్యాంకర్లతో నెట్టుకొస్తున్నాడు. ఎండాకాలం ట్యాంకర్లు కూడా దొరక్క క్యాంటీనుకు తాళం పడేది.

గీత గీసేముందు ఒక రోజంతా కొళాయి దగ్గర కూర్చోవడం నా పద్ధతి. మనిషి ఎన్ని నీళ్లు వాడతాడని అడిగితే ఎవరూ నిజం చెప్పరు. అబద్ధమాడాలని కాదు, వాళ్లకే తెలియదు. అందుకని పాత గోదాముకు వెళ్లి, పొద్దున ఆరింటి నుంచి కొళాయి పక్కన స్టూలు వేసుకుని, ఎవరు ఎన్ని బకెట్లు పట్టుకుంటున్నారో రాసుకున్నాను. యజమానిని కూడా పక్కన కూర్చోబెట్టాను. డ్రైవర్లు సిగ్గుపడి, తువ్వాళ్లు గట్టిగా బిగించుకుని, నా వైపు చూడకుండా నీళ్లు పోసుకుపోయారు.

క్యాంటీను నడిపే ఆవిడతో పరిచయం ఆ రోజే. నా ఈడుదే, ఇద్దరు ఆడవాళ్లను పెట్టుకుని రోజూ వంద మందికి పైగా వండుతుంది. నేను ఆమెను అక్కా అన్నాను. మధ్యాహ్నం నాకు సంగటి ముద్దా, శెనగపప్పు చట్నీ పెట్టి, ఈ కొత్త తొట్టి సంగతేమిటని అడిగింది. చెప్పాను.

"నీల్లుంటే పొయ్యి, లేకుంటే బెంగుళూరు. నా బతుకు అంతే మేడం" అంది. "శివరాత్రి పోతానే బండొస్తాది. మా ఊర్లో ఇరవై మందిమి ఎక్కుతాం. ఆడ కంకర మోసేది, రేకుల షెడ్డులో పండుకునేది. వానలు పడినాయని తెలిస్తే అదే బండిలో మల్లా వచ్చేది. ఎనిమిదేండ్లాయ ఇట్ల."

ఆ సాయంత్రం నా పుస్తకంలో రోజుకు ఆరు వేల లీటర్లని తేలింది. మా వైపు నవంబరు ఆఖరుకు వాన నిలిచిపోతే, మళ్లీ నమ్మదగ్గ చినుకు జూన్ లోనే. నూట ఎనభై రోజులు. గుణిస్తే పది లక్షల ఎనభై వేలు. తొట్టి పదకొండు లక్షల లీటర్లు పట్టాలి. ఇరవై మీటర్ల పొడవు, పద్నాలుగు వెడల్పు, నాలుగు లోతు. నాలుగు మీటర్లంటే పద్దెనిమిది జానలు. జాన నీళ్లు పది రోజులకు వస్తాయి. నాకు ఇప్పటికీ మీటర్ల కన్నా జానల్లోనే నీళ్లు కళ్లకు కడతాయి.

యజమాని ఆ కొలత చూసి, కాగితం తిప్పి చూసి, మళ్లీ ఇటు తిప్పాడు.

"ఇది తొట్టా, చెరువా? సగం చాలు మేడం. మిగిలిన వాన ఇంకుడు గుంతలో యిడుస్తే భూమిలోకే పోతాది గదా."

"మూడు బోర్లలో ఏం చూస్తివన్నా? దుమ్మే గదా. కింద అంతా బండ. నీళ్లు యాడికి దిగుతాయి?" అన్నాను. "సగం తొట్టి కడితే ఫిబ్రవరి ఆఖరుకు ఖాళీ. సరిగ్గా ఎండలు మొదలయ్యే నాటికి అడుగు ఊడ్చుకుంటావు. అట్లాంటి తొట్టి కావాలంటే వేరేవాళ్లను పిలిపించుకో. దాని మీద నా పేరుండకూడదు."

కాగితం చుట్టేసి లేచాను కూడా. అప్పుడు అక్క గిన్నెలు తోముతూ తోముతూనే, "సగం తొట్టి కట్టిస్తే సగం ఏడాదే వండుతాన్నా. మిగతా సగానికి ఇంగొకరిని చూసుకో" అంది. ఆయనకు నవ్వొచ్చింది. పొద్దుట్నుంచి కొళాయి దగ్గర కూర్చుని తన డ్రైవర్ల స్నానాలు చూసినవాడు కదా, లెక్కను మాత్రం కాదనలేకపోయాడు.

"కట్టిస్తాలే. నిండకపోతే మాత్రం దాంట్లో లారీలు నిలబెట్టి, పైన నీ పేరు రాయిస్తా" అన్నాడు.

గట్టర్ల దగ్గర ఇంకో గొడవ. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, ఇక్కడి గాలిలో సిమెంటు ధూళి ఉంటుందని తెలుసు కానీ, అది ఏం చేస్తుందో నాకు తెలియదు. అక్కే చెప్పింది. "ఈడ దుమ్ము తడిస్తే రాయైతాది మేడం. మా రేకుల మింద ఎక్కి చూడు." ఎక్కి చూశాను. సన్నటి జల్లుకు తడిసి, ఎండకు ఆరి, రేకు మడతల్లో గోరు దిగనంత గట్టిగా పెచ్చు కట్టి ఉంది. గట్టర్ల బదులు నేను కడపలో కూర్చుని గీసిన మూసిన పైపులన్నీ రెండేళ్లలో పూడిపోయి ఉండేవి. ఆ గీతలన్నీ కొట్టేశాను. మనిషి దిగి గీకి శుభ్రం చేసుకునేటట్టు రెండడుగుల వెడల్పు తెరిచిన గట్టర్లు పెట్టాను. ఎనిమిదంగుళాల పైపులు పన్నెండు దించాను. ధూళితో దిగే మొదటి పది వేల లీటర్లు బయటికి పోవడానికి కింద ఒక చేతి వాల్వు పెట్టాను. వంటకూ తాగడానికీ వాడే నీళ్లకు విడిగా ఇసుక, బొగ్గుల వడపోత.

"రెండు ట్యాంకర్ల నీల్లు పారబోసేదానికి మల్లా వాల్వు గూడానా?" అన్నాడు యజమాని. పారబోయాల్సిందే అన్నాను. ఆ వాల్వు తాళం ఆయన చేతికి ఇవ్వకుండా అక్క చేతికిచ్చాను. ఆమె దాన్ని మెడలో తాడుకు కట్టుకుంది.

క్యాంటీను కొత్త గోదాములోకి మారింది. జూన్ లో జల్లులు పడ్డాయి, కప్పు కడిగి పోయాయి. జూలై అంతా గాలే. ఆగస్టు ఆఖరుకు తొట్టిలో మూడు జానలు. ఒక రోజు యజమాని ఫోనులో తొట్టి ఫోటో పంపి, "మేడం, లారీ లోపలికి తోలమంటావా?" అని అడిగాడు. నవ్వినట్టు బొమ్మ పెట్టి జవాబిచ్చాను కానీ, నిజానికి నాకు అన్నం సయించలేదు.

హస్త కార్తెలో ఒక మధ్యాహ్నం కడపలో భోజనం చేస్తుంటే పడమటి వైపు ఆకాశం నల్లగా దిగింది. చెయ్యి కడుక్కుని కారెక్కాను. ఎర్రగుంట్ల చేరేసరికి వాన అందుకుంది. గోదాము వసారాలో యజమాని, అక్క, పది మంది డ్రైవర్లు నిలబడి ఉన్నారు. నేను గొడుగు పక్కన పడేసి గట్టర్ల కిందికి నడిచాను. ఎకరంపావు కప్పు మీద నిమిషానికి మిల్లీమీటరు పడితే ఐదు వేల లీటర్లు. అంటే నిమిషానికి ఒక ట్యాంకరు. మొదటి రెండు ట్యాంకర్లూ వదిలేశాక అక్క వాల్వు మూసింది. పన్నెండు పైపులూ ఒక్కసారిగా తొట్టిలోకి ఉరికాయి. గట్టరు అంచు దాటి ఒక్క చుక్క బయటికి పొర్లలేదు. ఆ చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినిపించలేదు.

యజమాని చేతిగడియారం చూసుకుంటూ, చిన్నపిల్లవాడి మాదిరి నిమిషానికొక ట్యాంకరు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, పది, పద్దెనిమిది. ముప్పై దాటాక గొంతు పోయి వేళ్లు చూపించాడు. నలభై దగ్గర వాన నెమ్మదించింది. నలభై ట్యాంకర్లు తన జన్మలో ఒకేసారి కొనలేదన్నాడు. నేను తలంటుకున్నట్టు తడిసి, వణుకుతూ, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ నిలబడ్డాను. కర్నూలు చీరల తడి ఆ రోజుకు ఆరింది. నవంబరు ఆఖరుకు తొట్టి పద్దెనిమిది జానలూ నిండింది. ఆయన ఎవరెవరినో పిలిపించి మూత తీసి చూపించాడట.

తొట్టి నిండటంతో నా పని అయిపోయిందనుకున్నాను. కాలేదని శివరాత్రి తెల్లవారి తెలిసింది. అక్క ఫోను చేసింది. వెనక బండి ఇంజను చప్పుడు వినిపిస్తోంది.

"మేడం, బండొచ్చి నిలబడిండాది. మా వాల్లంతా ఎక్కినారు. నేను ఎక్కల్నా, ఉండల్నా? నీ లెక్క ఏం చెప్తాది?"

"తొట్టిలో ఎంతుందక్కా?"

"పదకొండు జానలు. నడాన నీల్లైపోతే నాకు ఈ పనీ ఉండదు, ఆడ ఆ పనీ దొరకదు. సరిగ్గా చెప్పు."

పదకొండు జానలకు నూట పది రోజులు. జూన్ మొదటి వారం దాకా వస్తాయి. వాన వారం ఆలస్యమైతే రావు. కాగితం మీద అలాంటి సంగతి పక్కన చిన్న అక్షరాల్లో రాసి వదిలేస్తాం. ఫోనులో ఒక మనిషి, ఆమె వెనక ఆగిన బండి ఉన్నప్పుడు అలా రాయలేం. "ఎక్కొద్దక్కా" అన్నాను. ఆమె ఎవరితోనో "పోండిప్పా" అనడం, బండి కదలడం వినిపించింది.

ఆదివారం ఆదివారం కొలిచి చెప్పమన్నాను. మార్చి మధ్యదాకా లెక్క గీత గీసినట్టు నడిచింది. ఆ తర్వాత తప్పింది. జాన పది రోజులు రావాల్సింది ఏడు రోజులకే దిగిపోతోంది. ఏప్రిల్ రెండో వారానికి నాలుగున్నర జానలే మిగిలాయి. ఇలాగే పోతే మే నడిమికి ఖాళీ. తొట్టి కారుతోందేమోనని అప్పటికప్పుడు వెళ్లాను.

తొట్టి కారలేదు. గోదాము వాకిట్లో ఎప్పుడూ చూడనన్ని లారీలు ఆగి ఉన్నాయి. ఎర్రగుంట్లలో ఫలానా చోట తనివితీరా స్నానం చేయొచ్చని రోడ్డు పొడుగునా పాకిపోయింది. వేరే గోదాములకు పోయే డ్రైవర్లూ ఇక్కడే ఆగుతున్నారు. కొందరు గొట్టం పెట్టి లారీలే కడుక్కుంటున్నారు. యజమాని గల్లాపెట్టె ముందు మహా ఉషారుగా ఉన్నాడు. నేను కొళాయి దగ్గర ఒక రోజంతా కూర్చుని లెక్కపెట్టింది నీళ్లు లేని చోటికి వచ్చే మనుషులను. నీళ్లున్నాయని తెలిస్తే ఎంతమంది వస్తారన్నది నా పుస్తకంలో లేదు. నా మీద నాకే కోపమొచ్చింది. ఆ కోపం కాస్తా గొట్టం పట్టుకున్న డ్రైవరు మీద చూపించాను.

"అరిస్తే ఏమొస్తాది మేడం. మిగిలింది ఎన్ని దినాలు రావల్ల, అది చెప్పు" అంది అక్క.

అరవై రోజులన్నాను. జాన పద్నాలుగు రోజులు రావాలి.

ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి గొట్టం విప్పి చుట్టి లోపల పెట్టేసింది. లారీ కడిగే పని ఆ క్షణం నుంచి బందు. స్నానానికి మనిషికి రెండు బకెట్లని బొగ్గుతో గోడ మీద రాయించింది. స్టీలు తట్టలు అటక ఎక్కించి విస్తరాకులు తెప్పించింది. బియ్యం కడిగిన నీళ్లు గిన్నెలకు, గిన్నెల నీళ్లు వాకిలికి. డ్రైవర్లు సణిగారు. ఒకడు "నీ అబ్బ తొట్టా ఇది?" అన్నాడు. "నాదే" అంది. మర్నాడు యజమాని మూడో బకెట్ కోసం చెయ్యి చాపితే, "రెండేన్నా" అని కొళాయి కట్టేసిందట. ఆయనే నాకు ఫోను చేసి చెప్పాడు. సగం కోపం, సగం మురిపెం.

ఇంత ఇనుమూ సిమెంటూ పోయించి, లెక్కలు కట్టి, తగాదాలాడి నేను చేసింది ఒక గుంత మాత్రమే. దాన్ని జూన్ దాకా తీసుకెళ్లింది ఆమె. నేను గర్వపడేవాటిలో ఆ తొట్టి ఉంది, దానికన్నా ముందు ఆ తాళం ఎవరి చేతికివ్వాలో నాకు తెలిసినందుకు గర్వం ఉంది.

మే ఆఖరుకు ఒక్క జాన. మృగశిర వచ్చింది, మబ్బు పట్టి తేలిపోయింది. జూన్ రెండో వారంలో నాలుగు వేళ్ల నీళ్లున్నాయని చెప్పిన రోజు నేను కడపలో ఉండలేకపోయాను. వెళ్లి క్యాంటీనులో కూర్చున్నాను. సాయంత్రం నాలుగింటికి వాన వచ్చింది. అక్క వాల్వు తెరిచి, ఆ నాలుగు వేళ్ల తొట్టి పక్కనే నిలబడి, ధూళి నీళ్లన్నీ బయటికి పోయేదాకా కదలకుండా చూసి, అప్పుడు మూసింది. పొద్దు మునిగేలోపు రెండు జానలు చేరాయి. ఆ ఎండాకాలమంతా క్యాంటీను ఒక్క పూట కూడా మూతపడలేదు.

మర్నాడు పొద్దున నేను బయలుదేరబోతుంటే బెంగుళూరు బండి వచ్చి వాకిట్లో ఆగింది. వానలు పడ్డాయని తెలిసి విత్తనాలకు వస్తున్న మనుషులు. అక్క ఊరివాళ్లే. దుమ్ము కొట్టుకుపోయి, కాళ్లు వాచి, ఒకరి తర్వాత ఒకరు దిగారు. ఒకావిడ కొళాయి కింద తల పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది. రెండు బకెట్ల లెక్క ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. అక్క అందరికీ బొరుగుల ఉగ్గాణి పెట్టింది. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. వాళ్లు తింటూ ఆమెను పైనుంచి కిందిదాకా చూస్తున్నారు, ఎండాకాలం దాటినా నల్లబడని ఆ చేతులను చూస్తున్నారు.

బండి తోలే మేస్త్రీ చెయ్యి కడుక్కుంటూ అన్నాడు. "ఎనిమిదేండ్ల నుంచి వస్తాండావని నీ చోటు ఖాళీ పెట్టుకోనే పోయినా. నడాన యాడన్నా బస్సెక్కి వస్తావేమో అనుకుంటి. వచ్చే శివరాత్రికి పెట్టల్నా?"

అక్క నా వైపు చూడలేదు. నన్నేమీ అడగలేదు.

"వద్దులేప్పా" అంది. "ఆ చోట్లో ఇంగెవురినన్నా కూచోబెట్టుకో."